గ్రీన్‌కార్డు గడువు తీరిపోయింది, ఇప్పుడు సిటిజన్‌షిప్‌కి అప్లై చేయొచ్చా?

డాలస్ దగ్గర కొడుకు ఇంట్లో ఉంటున్న ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 67. సొంతూరు తెనాలి దగ్గర పల్లె. కొడుకు అమెరికా సిటిజన్ అయ్యాక అమ్మానాన్నలిద్దరికీ గ్రీన్‌కార్డు పెట్టాడు. 2015 ఆగస్టులో కార్డు వచ్చింది, 2025 ఆగస్టుతో దాని గడువు తీరింది. భారత పాసుపోర్టు గడువు అంతకుముందే, 2024 డిసెంబరులో అయిపోయింది. "పెట్టెలో ఉన్న కాగితాల్లో ఒక్కటీ చెల్లదు. రాత్రిపూట అదే ఆలోచన" అని రాశారు.

2019 డిసెంబరులో భర్తకు ఒంట్లో బాగాలేక ఇద్దరూ ఇండియా వెళ్లారు. కోవిడ్ వచ్చింది. 2020 అక్టోబరులో ఆయన పోయారు. ఈమె 2021 ఫిబ్రవరిలో తిరిగొచ్చారు. ఆ తర్వాత అక్కకు మోకాలి ఆపరేషన్ జరిగితే 2022 నవంబరు నుంచి 2023 జూన్ దాకా ఊళ్లోనే ఉండి చూసుకున్నారు. ఇప్పుడు ఆ అక్కకి మళ్లీ బాగాలేదు. వెళ్లి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

ఇంట్లో తలా ఒక మాట. కొడుకు "ముందు కార్డు రెన్యూ చేద్దాం, సిటిజన్‌షిప్ సంగతి తర్వాత" అంటాడు, కానీ ఉద్యోగం టెన్షన్‌లో ఆ పనీ ముందుకు జరగలేదు. కోడలు "ఇప్పుడున్న పరిస్థితుల్లో ఏదీ కదపొద్దు అత్తయ్యా, ఉన్నది కూడా పోతుందేమో" అని భయపడుతోంది. గుడిలో పరిచయమైన ఒకావిడ "కార్డుతో పనేంటి, డైరెక్టుగా సిటిజన్‌షిప్‌కి వేసేయండి" అన్నారట. ఈమె చదివింది తెలుగు మీడియంలో పదో తరగతి. ఇంగ్లిష్ నెమ్మదిగా చదవగలరు, మాట్లాడాలంటే బెరుకు. ఊళ్లో భర్త నుంచి వచ్చిన రెండెకరాల పొలం ఉంది, కౌలుకిచ్చారు. బ్యాంకులో కొంత డిపాజిట్ ఉంది. చివర్లో నాలుగు ప్రశ్నలు అడిగారు. నేనిక్కడ అక్రమంగా ఉన్నట్టా? గడువు తీరిన కాగితాలతో సిటిజన్‌షిప్‌కి వేయొచ్చా? వేస్తే పంపించేస్తారా? మన దేశ పౌరసత్వం వదులుకోవడం తప్పా?

అమ్మా,

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను, మీరు కాస్త నిద్రపోవాలి. మీరు అక్రమంగా లేరు. పదేళ్ల గ్రీన్‌కార్డు మీద ఉండే తేదీ ఆ కార్డుకే వర్తిస్తుంది, మీ శాశ్వత నివాస హోదాకు కాదు. కార్డు గడువు తీరినంత మాత్రాన హోదా పోదు. పెళ్లి ద్వారా వచ్చే రెండేళ్ల షరతుల కార్డు సంగతి వేరు, మీది అది కాదు. అయితే గడువు తీరిన కార్డుతో ఎన్నాళ్లైనా గడిపేయొచ్చని కూడా అనుకోకండి. 18 ఏళ్లు దాటిన ప్రతి గ్రీన్‌కార్డుదారు చెల్లే రుజువును దగ్గర ఉంచుకోవాలని చట్టం చెబుతోంది. స్టేట్ ఐడీ రెన్యువల్ దగ్గర, విమానాశ్రయంలో, ఎక్కడికెళ్లినా అదే అడుగుతారు. అందుకే మీ కోడలు చెప్పిన 'ఏదీ కదపొద్దు' అన్న దారి పైకి కనిపించినంత క్షేమం కాదు. ఆ అమ్మాయి భయాన్ని నేను తీసిపారేయడం లేదు. ఆ భయానికి కారణం ఉంది, దాని దగ్గరికే వస్తున్నాను. కానీ ఆ కారణం కార్డు మీది తేదీ కాదు.

రెండో ప్రశ్న. గడువు తీరిన కార్డుతో సిటిజన్‌షిప్ దరఖాస్తు, అంటే ఎన్-400 ఫారం, వేయొచ్చు. ఒకప్పుడు ముందు కార్డు రెన్యూ చేసుకోమనేవారు. 2022 డిసెంబరు 12 నుంచి పద్ధతి మారింది. ఎన్-400 వేస్తే, ఈ దరఖాస్తులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ పంపే రసీదు నోటీసే మీ కార్డు గడువును 24 నెలలు పొడిగిస్తుంది. పాత కార్డు, ఆ నోటీసు రెండూ కలిపి చూపిస్తే రుజువుగా చెల్లుతాయి. గుడిలో ఆవిడ చెప్పింది ఇదే, ఆ మేరకు నిజమే. అయితే ఆవిడ చెప్పనిది ఒకటుంది. ఆ 24 నెలలు లెక్కపెట్టేది కార్డు మీదున్న తేదీ నుంచి, మీరు దరఖాస్తు వేసిన రోజు నుంచి కాదు. మీకది 2027 ఆగస్టుతో ముగుస్తుంది. ఎంత ఆలస్యం చేస్తే అంత తరిగిపోతుంది. పాత కార్డు భౌతికంగా మీ దగ్గర ఉండాలి కూడా. అది పోయి ఉంటే రెన్యువల్ ఫారం ఐ-90 వేయక తప్పదు.

మీ అబ్బాయి చెప్పిన దారి ఆ ఐ-90. దాని రసీదు కార్డును 36 నెలలు పొడిగిస్తుంది, అదీ కార్డు మీది తేదీ నుంచే. ఆన్‌లైన్‌లో ఫీజు 415 డాలర్లు. ఎన్-400కి ఆన్‌లైన్‌లో 710. రెండూ వేయడం తప్పేం కాదు, కానీ రెండు ఫీజులూ కట్టాలి. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు ఎన్-400 ఫీజు 380 డాలర్లకు తగ్గే వీలుంది, దానికి కాగితం మీద దరఖాస్తు పెట్టాలి.

ఇక పాసుపోర్టు. ఎన్-400 వేయడానికి గడువున్న భారత పాసుపోర్టు అక్కర్లేదు. ఇంటర్వ్యూకి పాతవి, గడువు తీరినవి అన్నీ తీసుకురమ్మంటారు, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది అందులోని స్టాంపులు. ఏ పాసుపోర్టునీ పారేయకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో గడువు తీరిన కాగితాల గురించి రెండు పేజీలు రాశారు, ఇండియా ప్రయాణాల గురించి నాలుగు వాక్యాలే రాశారు. నేను ఎక్కువసేపు ఆగింది ఆ నాలుగు వాక్యాల దగ్గరే.

సిటిజన్‌షిప్‌కి వెనకటి ఐదేళ్లు అమెరికాలో నివాసం తెగకుండా ఉండాలి, అందులో కనీసం 30 నెలలు ఇక్కడ ఉండి తీరాలి. 30 నెలల లెక్క మీకు సులువుగా సరిపోతుంది. తెగకుండా ఉండటం అన్నది చూద్దాం. ఆరు నెలలు దాటి ఏడాది లోపు బయట ఉంటే నివాసం తెగిందనే ముందు అనుకుంటారు, కాదని మీరు రుజువులతో చూపించాలి. ఏడాది, ఆ పైన అయితే తెగినట్టే.

2022-23లో మీరు ఉన్న ఏడు నెలలు మొదటి రకం. దీనికి జవాబు చెప్పుకోవచ్చు. ఆ ఏడు నెలలూ మీ కొడుకు కుటుంబం ఇక్కడే ఉంది, మీ గది, మీ బట్టలు, మీ బ్యాంకు ఖాతా, మందుల చీటీలు ఇక్కడే ఉన్నాయి, మీరు అక్కడ ఉద్యోగం చేయలేదు, అక్క ఆపరేషన్ కోసమే వెళ్లారు. వీటికి కాగితాలు కూడగట్టండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, టికెట్లు, ఆ కాలంలో మీ పేరున ఇక్కడికి వచ్చిన ఉత్తరాలు, ఏదైనా సరే. ఆఫీసరు ఒప్పుకోకపోతే ఏమవుతుందంటే, 2023 జూన్‌లో తిరిగొచ్చిన దగ్గర్నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది, 2027 చివర్లో గానీ మళ్లీ వేయలేరు. కట్టిన ఫీజు తిరిగి రాదు.

2019 డిసెంబరు నుంచి 2021 ఫిబ్రవరి దాకా ఉన్న పద్నాలుగు నెలలు వేరే సంగతి. మీరు తిరిగొచ్చి ఐదేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు వేస్తే ఆ ప్రయాణం ఐదేళ్ల లెక్కలోకి రాదు. ఆ మేరకు మంచిదే. కానీ ఏడాదికి పైగా బయట ఉండదలచుకున్నవాళ్లు తిరిగి రావడానికి అనుమతి పత్రం, అంటే రీ-ఎంట్రీ పర్మిట్, ముందే తీసుకుని వెళ్లాలి, మీరు తీసుకోలేదు. సిటిజన్‌షిప్ దరఖాస్తు వేస్తే మొత్తం ఫైలు మొదటి నుంచీ చూస్తారు. 'అప్పుడు మీరు అమెరికా నివాసం వదిలేసుకున్నట్టు కాదా' అని అడిగే అవకాశం ఉంది. మీ కోడలి భయానికి నిజంగా చోటున్నది ఇక్కడ. సమాధానం నచ్చకపోతే దరఖాస్తు తిరస్కరించడంతో ఆగకుండా వ్యవహారం, దేశం నుంచి పంపించాలా వద్దా తేల్చే ఇమ్మిగ్రేషన్ కోర్టు దాకా వెళ్లవచ్చు.

మీ పక్షాన చెప్పుకోవడానికి చాలా ఉంది. వెళ్లింది భర్త జబ్బు కోసం. 2020 మార్చి చివర్లో ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. ఆ తర్వాత ఆయన పోవడం, ఆ పనులు. 2021లో విమానాశ్రయంలో ఆఫీసరు మీ సంగతి విని లోపలికి రానిచ్చారు. కానీ సిటిజన్‌షిప్ దరఖాస్తు చూసే ఆఫీసరు ఇంకో ప్రశ్న వేయొచ్చు. 2020 వేసవి నుంచే చిక్కుకుపోయినవాళ్ల కోసం ప్రభుత్వం వేసిన వందే భారత్ విమానాలు, ఆ తర్వాత రెండు దేశాల ఒప్పందం మీద ఎయిర్ బబుల్ విమానాలు అమెరికాకు నడిచాయి కదా, అప్పుడెందుకు రాలేదు అని. మంచం పట్టిన మనిషిని వదిలి రాలేకపోయానన్నది నిజమైన సమాధానం. దాన్ని నోటి మాటగా కాకుండా ఆసుపత్రి కాగితాలతో, మరణ ధృవీకరణ పత్రంతో, రద్దయిన మొదటి రిటర్న్ టికెట్టుతో కలిపి చెప్పాలి. ఆ టికెట్టు మీ అబ్బాయి ఈమెయిల్లో ఎక్కడో ఉంటుంది, వెతికించండి. తిరిగొచ్చే ఉద్దేశం మీకు మొదటి నుంచీ ఉందని చెప్పే కాగితాల్లో అంతకంటే బలమైనది మరొకటి దొరకదు.

నేను లాయర్‌ని కాను. అందుకే ఈ ఒక్క విషయంలో గట్టిగా చెబుతున్నాను. ఐ-90 వేసినా ఎన్-400 వేసినా, ముందు ఈ రెండు ప్రయాణాల తేదీలు కాగితం మీద రాసుకుని ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుకి చూపించండి. గంట సంప్రదింపుకి డబ్బు పెట్టలేకపోతే, ఇమ్మిగ్రేషన్ కేసులు చూడటానికి న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధులు కొన్ని సేవాసంస్థల్లో తక్కువ ఫీజుకే దొరుకుతారు. ఫారాలు నింపిపెడతామనే కన్సల్టెంట్ల దగ్గరికి మాత్రం వద్దు. ఫారం నింపడం మీ మనవడైనా చేస్తాడు, మీకు కావాల్సింది ఆ పద్నాలుగు నెలల గురించి చట్టం తెలిసినవాళ్ల సలహా.

ఆ లాయరుని కలిసినప్పుడే మరో రెండు సంగతులు తేల్చుకోండి. ఒకటి పన్నులు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అమెరికాలో లెక్క చూపాలి. కౌలు డబ్బు, డిపాజిట్ వడ్డీ కూడా అందులోకే వస్తాయి. మొత్తం ఆదాయం రిటర్ను వేయాల్సిన పరిమితి కంటే తక్కువైతే వేయకపోవడం తప్పు కాదు. కానీ ఇండియా ఖాతాల్లో అన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా పదివేల డాలర్లు దాటి ఉంటే దానికి వేరే రిపోర్టు ఇవ్వాలి. చాలామంది పెద్దవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఇండియా లెక్కలు తెలిసిన సీపీఏ (అమెరికాలో పన్నుల లెక్కలు చూసే అకౌంటెంట్) ఎవరైనా సరిచేయగలరు, దరఖాస్తుకు ముందే సరిచేసుకోవడం మేలు. రెండోది ఓటు. స్టేట్ ఐడీ తీసుకునేటప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని అడుగుతారు. అర్థంకాక తల ఊపినవాళ్లు ఉన్నారు. మీ పేరు ఓటరు జాబితాలో లేదని చూసుకోండి. ఉంటే లాయరుతో మాట్లాడకుండా ఎన్-400 వేయొద్దు.

ఇప్పుడు ఇంగ్లిష్. ఇక్కడ మీ ముందు నిజంగా రెండు దారులున్నాయి, ఏది మంచిదో నేను తేల్చలేను. 55 ఏళ్లు దాటి, గ్రీన్‌కార్డు మీద మొత్తం 15 ఏళ్లు ఇక్కడ ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. సివిక్స్, అంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలకు దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబు చెప్పొచ్చు. మీకు ఆ 15 ఏళ్లు నిండేది 2030లో. అప్పటిదాకా ఆగితే ఇప్పుడు ఐ-90 వేసి కార్డు రెన్యూ చేయించుకుని, ఆ తర్వాత పరీక్షలో మీ భాషలోనే జవాబు చెప్పవచ్చు. ఈలోపు బయట ఎక్కువ కాలం ఉండకపోతే ప్రయాణాల చిక్కు కూడా పాతబడుతుంది. నష్టమేమిటంటే, ఈ నాలుగేళ్లూ మీరు గ్రీన్‌కార్డు మనిషిగానే ఉంటారు. అక్క కోసం ఊళ్లో ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే ప్రతిసారీ నెలలు లెక్కపెట్టుకోవాలి. రూల్స్ కూడా ఇలాగే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇప్పుడే వేస్తే ఇంగ్లిష్ తప్పదు. అది మీరు ఊహించుకున్నంత పెద్దది కాదు. మూడు వాక్యాల్లో ఒకటి సరిగ్గా చదవాలి, మూడింటిలో ఒకటి సరిగ్గా రాయాలి. ఆ వాక్యాల్లో వచ్చే మాటల జాబితా యూఎస్‌సీఐఎస్ ముందే ఇస్తుంది. పదో తరగతి చదివిన మీకు చేతిరాత అలవాటయితే చాలు. కష్టం మాట్లాడటం దగ్గరే, ఎందుకంటే ఫారంలోని ప్రశ్నలను ఆఫీసరు ఇంగ్లిష్‌లోనే అడుగుతారు, 'మీరెప్పుడైనా అరెస్టయ్యారా' లాంటివి. 2025 అక్టోబరు 20 తర్వాత వేసినవాళ్లకు సివిక్స్ పరీక్ష కూడా పెరిగింది. 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. మొదటిసారి తప్పితే రెండు మూడు నెలల్లో ఇంకో అవకాశం ఇస్తారు. అదీ తప్పితే దరఖాస్తు పోతుంది గానీ, అందువల్ల మీ గ్రీన్‌కార్డు హోదా పోదు. అప్పుడు ఐ-90 వేసుకోవాల్సి వస్తుంది, అంతే. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో పెద్దవాళ్లకు ఉచిత ఇంగ్లిష్ క్లాసులు ఉంటాయేమో అడగండి. ఏ దారి ఎంచుకున్నా ఆ క్లాసుకి వెళ్లమనే నా సలహా. ఇంట్లో అందరూ ఆఫీసులకూ స్కూళ్లకూ పోయాక ఒంటరిగా కూర్చుని తేదీలు లెక్కపెట్టుకోవడం కంటే అది మీకు వందరెట్లు మేలు.

మీ అబ్బాయి గురించి ఒక మాట. అతను పట్టించుకోవడం లేదని మీరు రాయలేదు, కానీ ఆ బాధ వాక్యాల మధ్య ఉంది. ఇలాంటి ఇళ్లలో నేను చూసింది ఏమిటంటే, పిల్లలు వాయిదా వేసేది ప్రేమ లేక కాదు, 'అమ్మ పేపర్లు' అన్న పని ఎక్కడ మొదలవుతుందో వాళ్లకూ తెలియక. మీరే మొదలుపెట్టండి. మీ పేరున సొంత ఈమెయిల్‌తో యూఎస్‌సీఐఎస్ ఖాతా తెరిపించుకోండి, పాస్‌వర్డ్ మీ నోటుబుక్కులో రాసుకోండి. 2015 నుంచి ఎప్పుడెప్పుడు వెళ్లారో, ఎప్పుడొచ్చారో స్టాంపులు చూసి తెలుగులోనే రాయండి. ఈ పదేళ్లలో ఇల్లు మారి ఉంటే, మారిన ప్రతిసారీ పది రోజుల్లో యూఎస్‌సీఐఎస్‌కి చిరునామా తెలపాలి. తెలపకపోయి ఉంటే ఇప్పుడైనా తెలపండి, లేకపోతే నోటీసులు పాత ఇంటికి పోతాయి. ఇవన్నీ ముందు పెట్టి 'నాన్నా, ఈ శనివారం ఒక గంట కూర్చో' అంటే కాదనడు.

మన పౌరసత్వం వదులుకోవడం తప్పా అన్నారు. తప్పొప్పుల మాట నేను చెప్పను, జరిగేది చెబుతాను. అమెరికా ప్రమాణం చేసిన రోజునే భారత పౌరసత్వం చట్టరీత్యా ముగుస్తుంది, 1955 నాటి మన పౌరసత్వ చట్టం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోదు. ఇండియాలో ఓటు పోతుంది. వేరే దేశపు పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే వీసా లేకుండా వెళ్లి ఎన్నాళ్లైనా ఉండొచ్చు. భర్త నుంచి వచ్చిన రెండెకరాలు మీ పేరునే ఉంటాయి. కొత్తగా పొలం కొనలేరు, ఉన్నది అమ్మాలంటే ఇండియాలో ఉండే భారత పౌరులకే అమ్మాలి. గ్రీన్‌కార్డు పోతుందేమోనన్న భయం లేకుండా ఊళ్లో ఏడాది ఉండగలగడం కూడా సిటిజన్‌షిప్‌తోనే వస్తుంది. ఊరికి దగ్గరవడానికే అమెరికా పౌరసత్వం తీసుకున్న పెద్దవాళ్లు నాకు తెలుసు. అలాగే, ఆ అమెరికా పాసుపోర్టు వద్దని జీవితాంతం గ్రీన్‌కార్డు మీదే ఉన్నవాళ్లూ తెలుసు. ఇద్దరినీ నేను గౌరవిస్తాను.

ఇక అక్కగారి దగ్గరికి వెళ్లే సంగతి. లాయరు ఆ పద్నాలుగు నెలల గురించి ఏమన్నారో విన్నాకే ప్రయాణం పెట్టుకోండి, ఎందుకంటే తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో కూడా ఆ ప్రశ్న రావచ్చు. ఆయన సరేనంటే ముందు ఐ-90 గానీ ఎన్-400 గానీ వేసి రసీదు తెచ్చుకోండి. తర్వాత భారత కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సంస్థ ద్వారా పాసుపోర్టు రీ-ఇష్యూకి ఇవ్వండి. అక్కడా మీ హోదాకు రుజువు అడుగుతారు కాబట్టి ఆ రసీదు పనికొస్తుంది. పరిస్థితి మరీ అత్యవసరమైతే కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, కానీ అది ఇండియా వెళ్లడానికే, తిరిగి రావడానికి అక్కడ పాసుపోర్టు తీసుకోవాలి. ఎన్-400 వేసి వెళ్తే వేలిముద్రల నోటీసు, ఇంటర్వ్యూ నోటీసు ఎప్పుడైనా రావచ్చు, ఇంట్లో ఉత్తరాలు చూసే మనిషి ఉండాలి. ప్రమాణం అయ్యాక కొన్నాళ్లు ఇండియా ప్రయాణం కుదరదని కూడా గుర్తుంచుకోండి. గ్రీన్‌కార్డు ఆ రోజే తీసేసుకుంటారు, పాత భారత పాసుపోర్టు వాడకూడదు, అమెరికా పాసుపోర్టు, ఆపైన వీసా లేదా ఓసీఐ వచ్చేదాకా ఆగాలి. అక్క ఆరోగ్యం చూస్తే ప్రమాణానికి ముందే ఒకసారి వెళ్లి రావడం నయమేమో ఆలోచించుకోండి.

వెళ్తే ఆరు నెలల లోపే తిరిగి రండి. తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఎవరైనా ఐ-407 అనే కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే పెట్టకండి. అది గ్రీన్‌కార్డును స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని రాసిచ్చే ఫారం. 'నేను సంతకం పెట్టను, జడ్జి ముందు చెప్పుకుంటాను' అనే హక్కు మీకుంది. ఆ ఒక్క వాక్యం ఇంగ్లిష్‌లో మీ మనవడి చేత రాయించుకుని, కార్డు, రసీదులతో పాటు చేతి సంచిలో పెట్టుకోండి.